వైలిమా గృహస్థు

దీవులు, ఓడదొంగలు, పాతిపెట్టిన నిధులు ఒక వయసులో అందరి కలల్లోకీ వచ్చేవే. ఆ కలలకు స్థిరమైన రూపమిచ్చిన నవల 'ట్రెజర్ ఐలాండ్'. నండూరి రామమోహనరావు దానిని 'కాంచనద్వీపం' అనే పేరుతో తెలుగు పాఠకులకు అందించారు. ఆ నవలా రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1881లో దానిని మొదలుపెట్టేనాటికి ఉష్ణమండలపు దీవిని కంటితో చూసి ఎరుగడు. స్కాట్లండులోని ఒక కొండ ఊళ్లో, వాన తెరిపి ఇవ్వని వేసవి రోజుల్లో, ఇంట్లో ఉన్న బాలుని వినోదం కోసం గీసిన పటం నుంచి ఆ కథ పుట్టింది. తొమ్మిదేళ్ల తరువాత ఆయన నిజంగానే ఒక దీవిలో ఇల్లు కట్టుకోవలసి వచ్చింది. అక్కడ ఆయనకు నిధి దొరకలేదు. దొరికినవి కలుపుమొక్కలు, బురద, దడి దాటే పందులు, ఏటికేడు పెరిగే ఖర్చులు.

స్టీవెన్సన్ 1850 నవంబరు 13న ఎడింబరో నగరంలో జన్మించాడు. ఆ వంశం దీపస్తంభాల నిర్మాణానికి పేరు పొందినది. పోటు వేళ నీట మునిగే బెల్ రాక్ అనే సముద్రపు బండమీద దీపస్తంభాన్ని నిలిపిన ఇంజనీరు ఆయన తాత. తండ్రి థామస్ కూడా అదే వృత్తిలో ప్రసిద్ధుడు. లూయీ ఒక్కగానొక్క సంతానం. ఊపిరితిత్తుల బలహీనత పుట్టుకతో వచ్చిందో, ఆ ఊరి చలిగాలి వల్ల వచ్చిందో గాని, చలికాలం వచ్చిందంటే బాలుడు మంచం పట్టేవాడు. పెద్దవాడై ఇంజనీరింగు చదువు విడిచిపెట్టాడు. న్యాయశాస్త్రం చదివి 1875లో న్యాయవాదిగా అర్హత సంపాదించాడు. ఆ వృత్తినీ చేపట్టలేదు. ఆయన మనసంతా రచనమీదనే ఉన్నది.

1876లో ఫ్రాన్సు దేశంలో ఫానీ ఆస్బర్న్ అనే అమెరికన్ మహిళతో పరిచయమైంది. ఆమె ఆయనకన్నా పదేళ్లు పెద్దది, పిల్లల తల్లి. ఆమె కోసం ఆయన 1879లో ఇంట్లో చెప్పకుండా ఓడ ఎక్కి అట్లాంటిక్ దాటాడు, అమెరికా ఖండాన్ని రైలులో ఈ చివరి నుంచి ఆ చివరికి దాటాడు, చావు తప్పి కాలిఫోర్నియా చేరాడు. 1880లో వారి వివాహం జరిగింది. ఆమెకు మొదటి వివాహంలో కలిగిన కుమారుడు లాయిడే ఆ దీవి పటం గీయించుకున్న బాలుడు. 1883లో 'ట్రెజర్ ఐలాండ్' పుస్తకంగా వెలువడింది. 1886లో 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్', 'కిడ్నాప్‌డ్' వచ్చాయి. కీర్తి పెరిగిన కొద్దీ ఆరోగ్యం తరిగింది. దగ్గుతో పాటు నెత్తురు పడేది. ఎన్నో నెలలు మాట్లాడడానికి కూడా వైద్యులు అనుమతించలేదు. 1887లో తండ్రి మరణించాడు. ఆ ఏడే స్టీవెన్సన్ బ్రిటన్ విడిచాడు. మళ్లీ ఆ నేలమీద అడుగు పెట్టలేదు.

1888 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో కాస్కో అనే తెరచాప ఓడను బాడుగకు తీసుకొని కుటుంబంతో సహా పసిఫిక్ సముద్రం మీదికి బయలుదేరాడు. మార్కెసాస్, తాహితీ, హవాయి, గిల్బర్టు దీవులు చూశాడు. ఆశ్చర్యమేమంటే, ఎడింబరోలో మంచం దిగలేని మనిషి నడిసముద్రంలో తాళ్లు పట్టుకొని హాయిగా తిరిగాడు. ఉప్పుగాలి ఆయనకు ఏ వైద్యుడూ ఇవ్వలేని మందు అయింది. 1889 డిసెంబరులో సమోవా దీవులలోని అపియా రేవు చేరాడు.

అప్పటి అపియా చూడముచ్చటైన ఊరేమీ కాదు. సముద్రపు ఒడ్డున ఒక్క వీధి, దాని వెంబడి వర్తకుల దుకాణాలు, సారాయి అంగళ్లు, మూడు దేశాల రాయబార కార్యాలయాలు. ఆ దీవులపై పెత్తనం కోసం జర్మనీ, అమెరికా, బ్రిటన్ పోటీ పడుతున్న కాలమది. ఆ ఏడాది మార్చిలో వచ్చిన పెనుతుఫానుకు రేవులో నిలిచిన జర్మన్, అమెరికన్ యుద్ధనౌకలు ఆరూ దెబ్బతిన్నాయి. వాటి శిథిలాలు స్టీవెన్సన్ వచ్చేనాటికీ అక్కడే పడి ఉన్నాయి. బ్రిటిష్ నౌక కాలియోప్ ఒక్కటే ఆ గాలికి ఎదురీది బయటపడింది.

అపియాకు మూడు మైళ్ల దూరాన, వాయేయా అనే కొండ వాలులో, మూడువందలకు పైగా ఎకరాల అడవి నేలను ఆయన కొన్నాడు. దాని పేరు వైలిమా. అయిదు ఏరులు అని దానికి అర్థం చెబుతారు. మొదట ఆయన ఉద్దేశం అక్కడ శాశ్వతంగా ఉండిపోవాలని కాదు. ఒకసారి స్వదేశం వెళ్లి మిత్రులను చూసి రావాలని 1890 మొదట్లో సిడ్నీ దాకా ప్రయాణం చేశాడు. అక్కడి చల్లగాలి సోకగానే పాత జబ్బు తిరగబెట్టింది. ఉష్ణమండలం విడిచి వెళితే బతుకు లేదని ఆయనకు అప్పుడు స్పష్టమైంది. ఆ ఏడు సెప్టెంబరులో వైలిమాకు తిరిగివచ్చినప్పుడు ఆయన చూడవచ్చిన యాత్రికుడు కాడు. ఇక అదే ఆయన ఇల్లు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వారు చెప్పింది ఇటుకా సున్నమూ దొరికే ఊళ్ల సంగతి. పలక నుంచి మేకు దాకా అన్నీ ఓడమీద రావలసిన చోట, బండి నడిచే బాట లేని అడవిలో ఇల్లు కట్టడం ఎలాంటిదో స్టీవెన్సన్ దంపతులకు త్వరలోనే తెలిసివచ్చింది. తొలి నెలలు వారు ఒక చిన్న చెక్క ఇంట్లో కాపురమున్నారు. ఇనుపరేకుల మీద వాన పడితే ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదు. కింద అపియాలో మాంసం, రొట్టె దొరికినా అవి కొండ ఎక్కి పైకి రావాలి. ఒకనాటి రాత్రి భార్యాభర్తల భోజనంలో చెప్పుకోదగిన వంటకం ఒకే ఒక అవకాడో పండు. దానిని రెండు ముక్కలు చేసి రొట్టెతో తిన్నారు. ఈ సంగతిని ఆయన లండనులోని మిత్రునికి ఉత్తరంలో రాసుకున్నాడు.

ఆ దినాలలోనే, 1890 అక్టోబరులో, అమెరికన్ చరిత్రకారుడు హెన్రీ ఆడమ్స్, చిత్రకారుడు జాన్ లా ఫార్జ్ వారిని చూడవచ్చారు. ఆడమ్స్ ఇద్దరు అమెరికా అధ్యక్షుల వంశంలో పుట్టినవాడు, శుభ్రతకూ మర్యాదకూ అలవాటు పడినవాడు. ఆయనకు ఎదురైన ప్రసిద్ధ రచయిత ఎముకల గూడులా ఉన్నాడు. ఒంటిమీద మాసిన చారల పైజామా, కాళ్లకు రెండు రంగుల మేజోళ్లు. ఒకటి గోధుమరంగుది, రెండవది ఊదారంగుది. ఆ దృశ్యాన్ని ఆడమ్స్ తన ఉత్తరాలలో నిర్దాక్షిణ్యంగా వర్ణించాడు. ఇంట్లో తినడానికి ఏమీ ఉండదు గనుక ఈసారి వచ్చేటప్పుడు మీ ఆహారం మీరే తెచ్చుకోవాలని అతిథులకు చెప్పవలసిన స్థితి. చూసిపోయిన వారికి అది దారిద్ర్యంగా కనిపించింది. అందులో ఉన్నవారికి మాత్రం పొలం మొదలుపెట్టిన ప్రతి రైతూ పడే పాట్లుగానే కనిపించింది.

పొలమంటే కలుపే. వైలిమాలో స్టీవెన్సన్‌కు ప్రధాన శత్రువు అత్తిపత్తి. తాకితే ముడుచుకునే ఆ చిన్న మొక్క మన గట్లమీద పిల్లలకు ఆటవస్తువు. అక్కడ అది కొండవాలునంతా ఆక్రమించి, వేరు తెగితే మళ్లీ చిగిర్చి, ముళ్లతో చేతులు చీరేది. అత్తిపత్తి పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతం. సమోవాకు అది కూడా పరాయి నుంచి వచ్చి స్థిరపడినదే. ఆ విషయంలో మొక్కకూ, దానిని పెరికే దొరకూ భేదం లేదు. రోజంతా బురదలో మోకాళ్లమీద కూర్చొని కలుపు తీసి, చీకటి పడ్డాక చేతుల ముళ్లు ఏరుకుంటూ కలం పట్టేవాడు. ఆ పని ఆయనను వ్యసనంలా పట్టుకున్నది. తన మనస్సాక్షి తెలివి తక్కువదని ఆయన నవ్వుతూ మొరపెట్టుకునేవాడు. పొలంలో పనివారిని అదలించి ఆరు పెన్నీల పని చేస్తే ఆ మనస్సాక్షి మెచ్చుకుంటుందట. గదిలో కూర్చొని ఇరవై పౌండ్లు తెచ్చే పుటలు రాస్తే రోజంతా వృథా చేశావని దెప్పుతుందట.

ఫానీ ఆయనకు తీసిపోలేదు. విత్తనాలు తెప్పించింది, మళ్లు కట్టించింది, కోళ్లను పెంచింది. పందుల దొడ్డిని ఎంత గట్టిగా కట్టినా అవి దడి దాటి తోటలో పడేవి. కొకో తోట వేయాలని నిర్ణయించిననాడు ఇంటిల్లిపాదీ కూర్చొని బుట్టలు అల్లి, మన్ను నింపి, విత్తనాలు పాతారు. ఆ తోట ఏనాడూ లాభం చూపలేదు. ఇటువంటి శ్రమలో ఉన్న భార్యతో ఒకనాడు స్టీవెన్సన్ అనరాని మాట అన్నాడు. ఆమెది కళాకారుల స్వభావం కాదనీ, మట్టిని ప్రేమించే పల్లె రైతు స్వభావమనీ తేల్చాడు. మెచ్చుకోలుగా అన్నానని ఆయన అనుకున్నాడు. ఆమె నొచ్చుకొని ఆ మాటను దినచర్య పుస్తకంలో రాసి చాలాకాలం మనసులో పెట్టుకున్నది. దొరలైనా దొరసానులైనా ఇంటి రగడలకు అతీతులు కారు.

పనివారితోనూ వింతలు జరిగేవి. తోటపనిలో ఫానీకి కుడిభుజమైన లఫాయిలే ఏనుగంత బలశాలి. కాని అడవిలో తిరిగే దయ్యాలంటే అతనికి ప్రాణభయం. కొండ పైభాగానికి ఒంటరిగా పంపితే కాలు కదిలేది కాదు. ఆ భయాన్ని చూసి నవ్వుకున్న స్టీవెన్సన్, తాను ఒక్కడే వాగు వెంట తీగలు నరుకుతూ నిశ్శబ్దమైన అడవి లోపలికి పోయినప్పుడు తనకూ వెన్నులో చలి పుట్టిన సంగతి దాచలేదు. హెన్రీ సిమెలే అనే యువకుడు తన ఊళ్లో నాయకుడు, వైలిమాలో పనివారికి పెద్ద. అతనికి ఇంగ్లీషులో పొడుగాటి మాటలు నేర్చుకోవాలని కోరిక. రోజంతా మట్టిపని చేసిన గురుశిష్యులు సాయంత్రం దీపం ముందు కూర్చొని ఆ పొడుగు మాటలు వల్లించేవారు. ఇంగ్లీషు వచనంలో సాటిలేనివాడని పేరు పొందిన మనిషి దగ్గర, రుసుము లేకుండా అంతటి పాఠం మరెవరికీ దక్కలేదు.

1891లో పెద్ద ఇల్లు సిద్ధమైంది. మరుసటి ఏడు దానికి మరో భాగం చేర్చారు. వందమందికి చోటు చాలే హాలు, దానికి కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఎర్రకలప పలకలు. ఇంగ్లండులో వారు కాపురమున్న ఇంటి నుంచీ, ఎడింబరోలోని తండ్రిగారి ఇంటి నుంచీ బల్లలు, కుర్చీలు, అద్దాలు, వెండి సామాను, పుస్తకాలు సముద్రాలు దాటి వచ్చాయి. తేమకు అట్టలు పాడుకాకుండా పుస్తకాలకు వార్నిషు పూయించారు. వీటన్నిటికన్నా వింతైనది చలిమంట పొయ్యి. ఏడాది పొడవునా చెమట పట్టే దీవిలో, ఇటుకలతో పొగగొట్టం కట్టించి, స్కాట్లండు ఇంట్లో ఉన్నటువంటి పొయ్యిని ఆయన పెట్టించాడు. దానితో పని లేదని ఆయనకు తెలియక కాదు. చలి లేని చోట బతుకుతున్నందుకే బతికి ఉన్నాడు. అయినా మంట వెలిగే పొయ్యి లేనిది ఇల్లనిపించుకోదు స్కాట్లండు మనిషికి. ఈ పిచ్చిని చూసి ఇరుగుపొరుగు నవ్వినా, ఆయన కూడా నవ్వినా, పొయ్యి మాత్రం అలాగే నిలిచింది.

తల్లి మార్గరెట్ కూడా అక్కడికే వచ్చి చేరింది. ఎడింబరో వితంతువులు ధరించే తెల్లని కుచ్చుటోపీని ఆమె సమోవా ఎండలోనూ విడువలేదు. ఫానీ కుమార్తె బెల్, మనుమడు ఆస్టిన్, లాయిడ్, వంటవాడు తలోలో, పనివారు అందరూ కలిసి వైలిమా చిన్న పల్లె అయింది. పండుగనాళ్లలో పనివారు స్కాట్లండు రాజవంశపు గళ్ల బట్టను లుంగీలుగా చుట్టుకొని వడ్డన చేసేవారు. యజమాని పగలంతా చెప్పులు లేకుండా తిరిగేవాడు. రాత్రి భోజనానికి మాత్రం వెండి పాత్రలు, ద్రాక్షసారా ఉండవలసిందే. ఈ సంసారాన్ని మోసింది పొలం కాదు, కలం. చేతికి తిమ్మిరి పట్టి రాయలేని స్థితి వచ్చినప్పుడు బెల్‌కు చెప్పి రాయించాడు. 1893లో నెత్తురు పడి మాట్లాడరాదని కట్టడి చేసినప్పుడు మూగవారు వాడే వేళ్ల అక్షరాలతో ఆమెకు కథ చెప్పాడు.

నెలకొకసారి వచ్చే తపాలా ఓడ ఆయనకు స్వదేశంతో మిగిలిన బంధం. లండనులోని మిత్రుడు సిడ్నీ కాల్విన్‌కు ఆయన దినచర్యలా రాసిన ఉత్తరాలు 1895లో 'వైలిమా లెటర్స్' అనే పేరుతో అచ్చయ్యాయి. పందులు, కలుపు, వాన, వంటవాళ్లు, అప్పులు, కోపాలు అన్నీ వాటిలో ఉన్నాయి. వలస వచ్చిన తెల్లవారి ఫిర్యాదులు సాధారణంగా స్థానికులను ఎగతాళి చేసేవిగా ఉండేవి. స్టీవెన్సన్ ఎగతాళిలో పెద్ద వాటా ఎగతాళి చేసేవానిదే. ఆయనా ఆ కాలపు మనిషే, యజమాని హోదాను వదులుకున్నవాడు కాడు. అయినా సమోవా మనుషులు ఆయనకు వినోద వస్తువులుగా ఎక్కువ కాలం ఉండలేదు. ఎప్పుడు చూసినా ఆ నల్లవాళ్ల సంగతులేనా అని కాల్విన్ ఒకసారి విసుగు చూపాడు. స్టీవెన్సన్ నొచ్చుకున్నాడు. వారే తన జీవితమనీ, తనను కావాలనుకునే మిత్రుడు ఆ జీవితాన్ని కూడా అంగీకరించక తప్పదనీ సమాధానం పంపాడు.

సమోవావారు ఆయనకు తుసితాలా అని పేరు పెట్టారు. కథలు రాసేవాడని దాని అర్థం. ఆయన కథ 'ది బాటిల్ ఇంప్' 1891లో మిషనరీల పత్రికలో సమోవా భాషలో వెలువడింది. కోరినవన్నీ ఇచ్చే భూతం ఉన్న సీసా గురించిన కథ అది. అటువంటి కల్పనా కథలు ఆ భాషలో అచ్చు కావడం కొత్త. అచ్చులో ఉన్నదంతా నిజమేనని నమ్మిన పాఠకులకు ఒక సందేహం తీరిపోయింది. పొలం పండదు, వర్తకం లేదు, రోజంతా కాగితాలమీద గీసుకునే దొరకు ఇంత పెద్ద ఇల్లు ఎక్కడి నుంచి వచ్చింది? సీసా నుంచే. చూడవచ్చినవారు ఇల్లంతా చూసి, చివరికి సీసా ఎక్కడ దాచారని మెల్లగా అడిగేవారు.

అదే ఏడు జూన్‌లో ఆయన చేసిన ఒక దానం ప్రసిద్ధమైంది. అపియాలో భూవివాదాల విచారణకు వచ్చిన అమెరికన్ అధికారి హెన్రీ క్లే ఐడ్ కుమార్తె యానీ క్రిస్మస్ నాడు పుట్టింది. అందువల్ల వేరుగా పుట్టినరోజు వేడుక లేదని ఆ పిల్లకు దిగులు. స్టీవెన్సన్ తన న్యాయశాస్త్రపు చదువును ఎట్టకేలకు ఉపయోగించాడు. తనకు పుట్టినరోజుతో పనిలేని వయసు వచ్చిందనీ, కనుక నవంబరు 13వ తేదీపై సర్వహక్కులనూ ఆమెకు దఖలు పరుస్తున్నాననీ దస్తావేజు రాసి సంతకం చేశాడు. ఆ రోజున మంచి బట్టలు కట్టుకొని, మంచి పిండివంటలు తిని, కానుకలు పుచ్చుకొనే హక్కు ఆమెదే. షరతులు ఉల్లంఘిస్తే ఆ పుట్టినరోజు అమెరికా అధ్యక్షునికి చెందుతుంది.

నవ్వుకు లొంగని ఫిర్యాదులు కూడా ఉన్నాయి. మూడు దేశాలు బెర్లిన్‌లో కుదుర్చుకున్న ఒడంబడిక ప్రకారం సమోవాకు ఒక రాజునూ, పరాయి దేశాల నుంచి తెచ్చిన అధికారులనూ నియమించాయి. పన్నులు వసూలయ్యేవి, జీతాలు ముట్టేవి, ప్రజలకు దక్కింది శూన్యం. రాజుగా నిలబెట్టిన లౌపేపాకూ, ప్రజల ఆదరం గల మతాఫాకూ వైరం పెరిగింది. స్టీవెన్సన్ లండను టైమ్స్ పత్రికకు లేఖలు రాశాడు. 1892లో 'ఎ ఫుట్‌నోట్ టు హిస్టరీ' అనే గ్రంథంలో ఆ దీవుల కష్టాలను ఏకరువు పెట్టాడు. కథలు రాసుకోక ఈ తగాదా ఎందుకని మిత్రులు విసుక్కున్నారు. అధికారులకు కోపం వచ్చింది. పశ్చిమ పసిఫిక్ బ్రిటిష్ హైకమిషనర్ సర్ జాన్ థర్స్టన్ ఆ ఏడు చివర ఒక నిబంధన జారీ చేశాడు. ప్రభుత్వానికి ఎదురాడే బ్రిటిష్ పౌరుని శిక్షించడానికీ, దీవి నుంచి వెళ్లగొట్టడానికీ అది వీలు కల్పించింది. సమోవా విడిచి చల్లని దేశానికి పోవడమంటే స్టీవెన్సన్‌కు మరణశిక్షతో సమానం. ఆ సంగతి తెలిసీ ఆయన కలం ఆపలేదు. చివరకు లండను ప్రభుత్వమే ఆ నిబంధనను వెనుకకు తీసుకున్నది.

1893 జూలైలో యుద్ధం వచ్చింది. మతాఫా ఓడిపోయాడు. ఆయనను మార్షల్ దీవులకు ప్రవాసం పంపి, ఆయన పక్షపు నాయకులను అపియా జైలులో పెట్టారు. గెలిచినవారి కోపానికి భయపడి తెల్లవారెవరూ ఆ జైలు వైపు చూడలేదు. వైలిమా కుటుంబం మాత్రం ఆహారం, పొగాకు, మందులు తీసుకొని వెళ్లింది. ఆ ఏటి క్రిస్మస్ రోజుల్లో ఖైదీలు జైలు ఆవరణలోనే స్టీవెన్సన్ కుటుంబానికి విందు చేసి కానుకలు ఇచ్చారు. తమ తిండికే దిక్కులేనివారు, బంధువుల చేత తెప్పించి పెట్టిన విందు అది.

1894లో విడుదలైన నాయకులు వైలిమాకు వచ్చి ఒక కోరిక వెల్లడించారు. పెద్దబాట నుంచి ఇంటి దాకా తమ చేతులతో రోడ్డు వేస్తామన్నారు. సమోవా నాయకులకు రోడ్డుపని చేయడం మర్యాద తక్కువ. జీతం పుచ్చుకోమన్నారు. స్టీవెన్సన్ తిండి, పనిముట్లు తానే సమకూర్చుతానని ఒప్పించాడు. నాలుగేళ్లుగా ఆ బురదను తిట్టుకుంటూ ఎక్కిదిగిన మనిషికి అంతకుమించిన కానుక ఏముంటుంది? రోడ్డు పూర్తయ్యాక దానికి ప్రేమగల హృదయపు బాట అని అర్థం వచ్చే పేరు పెట్టి, వేసిన నాయకుల పేర్లతో ఒక పలక నిలిపారు. అక్టోబరులో జరిగిన విందులో స్టీవెన్సన్ వారితో భూమి గురించి మాట్లాడాడు. సమోవా నేల సమోవావారి వద్దనే నిలవాలంటే దానికి బాటలు వేయాలనీ, తోటలు పెంచాలనీ, లేకుంటే ఇతరులు దానిని పట్టుకుపోతారనీ హెచ్చరించాడు. తన సొంత స్కాట్లండు కొండలలోనూ ఐర్లండులోనూ ప్రజలు నేల కోల్పోయిన సంగతి ఆయన మరువలేదు. మూడువందల ఎకరాలు కొన్న పరాయివాని నోట ఆ మాట రావడం విడ్డూరమే. విన్న నాయకులు మాత్రం దానిని తమ మేలు కోరిన మాటగానే తీసుకున్నారు.

1894 డిసెంబరు 3న ఉదయం ఆయన 'వెయిర్ ఆఫ్ హెర్మిస్టన్' నవలను రాయించాడు. ఆ కథ స్కాట్లండు కొండలలో జరిగేది. పని బాగా సాగినందుకు సంతోషంగా ఉన్నాడు. ఫానీ మనసు ఆ రోజు ఎందుకో కీడు శంకిస్తుంటే సాయంత్రం ఆమెను నవ్వించడానికి ప్రయత్నించాడు. నేలమాళిగ నుంచి ఒక సీసా ద్రాక్షసారా తెచ్చాడు. వరండాలో నిలిచి సలాడులోకి మయొనైజ్ కలపడంలో ఆమెకు చేయందించాడు. ఉన్నట్టుండి తల పట్టుకొని, తన ముఖం వింతగా కనిపిస్తున్నదా అని అడిగి, మోకాళ్లమీద ఒరిగిపోయాడు. మెదడులో నరం చిట్లింది. రాత్రి ఎనిమిది దాటిన కొద్దిసేపటికి ప్రాణం పోయింది. ఆయన వయసు 44 ఏళ్లు. జీవితమంతా ఊపిరితిత్తులకు భయపడిన మనిషిని తీసుకుపోయినవి ఊపిరితిత్తులు కావు.

వాయేయా కొండ శిఖరాన తనను ఖననం చేయాలని ఆయన ముందే చెప్పి ఉన్నాడు. అక్కడికి దారి లేదు. సమోవా నాయకులు ఆ రాత్రి శవం దగ్గర కూర్చున్నారు, తమ కుటుంబాలలో విలువైన సన్నని చాపలు తెచ్చి కప్పారు. తెల్లవారగానే కత్తులు, గొడ్డళ్లు పట్టిన మనుషులు అడవిని నరుక్కుంటూ నిటారుగా ఉన్న కొండమీదికి బాట తీశారు. మధ్యాహ్నానికి శవపేటికను భుజాలు మార్చుకుంటూ పైకి చేర్చారు.

ఫానీ కొన్నేళ్ల తరువాత వైలిమా విడిచి అమెరికా వెళ్లింది. 1914లో ఆమె మరణించగా, మరుసటి ఏడు చితాభస్మాన్ని తెచ్చి భర్త సమాధిలోనే ఉంచారు. ఆ ఇంట్లో తరువాతి కాలంలో జర్మన్ గవర్నర్లు, న్యూజిలాండ్ పాలకులు, స్వతంత్ర సమోవా దేశాధినేత నివసించారు. 1994లో, ఆయన మరణించిన నూరేళ్లకు, అది మ్యూజియంగా తెరుచుకున్నది. చలిమంట పొయ్యి నేటికీ అందులో ఉన్నది. ఆయనను ఖననం చేసిన తరువాత సమోవా నాయకులు ఆ కొండమీద ఎవరూ తుపాకి పేల్చరాదని కట్టడి చేశారు. తుసితాలా సమాధి చుట్టూ పక్షులు బెదరకుండా కూయాలని వారు కోరుకున్నారు.